వసంతంలో గుట్ట ఎక్కేవారూ, జాగ్రత్త!

వడదెబ్బ అనగానే మనకు రోహిణీ కార్తె, ఎండలో సొమ్మసిల్లిన వృద్ధులు గుర్తుకు వస్తారు. మార్చి నెలలో, ముప్పై ఏళ్ళ ఆరోగ్యవంతుడికి, అదీ సరదాగా గుట్ట ఎక్కినప్పుడు వడదెబ్బ ఏమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. కానీ తగులుతుంది.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల ఉద్యోగులు చాలామంది సెలవునాడు ఖాజాగూడ గుట్టలకు వెళుతూ ఉంటారు. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు బండలవి. తెల్లవారుజామున అక్కడ గాలి హాయిగా ఉంటుంది. చిక్కంతా ఆ తరువాతే. బండల మీద నీడ ఉండదు. పొద్దెక్కినకొద్దీ రాయి వేడిని పీల్చుకుని, తిరిగి మన ఒంటిమీదికే వదులుతుంది.

శరీరం ఎండకు అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అప్పుడే చెమట త్వరగా, ధారాళంగా పట్టి ఒంటిని చల్లబరుస్తుంది; చెమటతోపాటు పోయే ఉప్పూ తగ్గుతుంది. చలికాలం ఇప్పుడే దాటింది. పైగా వారమంతా ఏ.సి. గదిలో కూర్చునేవారికి ఆ అలవాటు ఎక్కడినుంచి వస్తుంది?

ఒకసారి ఇలాగే గుట్ట దిగుతూ పడిపోయిన యువకుణ్ణి స్నేహితులు నా వద్దకు తీసుకువచ్చారు. పడిపోవడానికి అరగంట ముందునుంచే అతను పొంతన లేకుండా మాట్లాడాడట. వేళాకోళమనుకుని నవ్వుకున్నారట. "ఒళ్ళంతా చెమటేనండీ, వడదెబ్బ అనుకోలేదు" అన్నారు. అతను బతికాడు గాని, మూత్రపిండాలు కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది.

కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోండి. తలనొప్పి, వికారం, పిక్కలు పట్టడం, కళ్ళు తిరగడం ఉండి, మాట స్పష్టంగా ఉంటే అది ఎండ బడలిక. నీడలో పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తుగా ఉంచి, ఓ.ఆర్.ఎస్. లేదా ఉప్పు వేసిన మజ్జిగ కొద్దికొద్దిగా పట్టాలి. మాట తడబడినా, నడక తూలినా, మనిషి స్పృహ తప్పినా అది వడదెబ్బే. శ్రమవల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. ఒంటి వేడి 104 డిగ్రీలు దాటి ఉంటుంది.

అప్పుడు వెంటనే 108కి ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ గట్టిగా విసరండి. మంచుముక్కలు దొరికితే మెడ, చంకలు, గజ్జల వద్ద ఉంచండి. స్పృహ సరిగాలేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్రలు ఈ వేడిని తగ్గించలేవు.

ఇంతదాకా రాకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు. తెల్లవారగానే ఎక్కి, ఎనిమిదిన్నరకల్లా దిగిపోవాలి. మనిషికి రెండు లీటర్ల నీరు ఉండాలి. మొదటి రెండు వారాలు సగం దూరం చాలు. రాత్రి నిద్ర లేనివారు, మద్యం తీసుకున్నవారు, జ్వరం లేదా విరేచనాలనుంచి అప్పుడే కోలుకున్నవారు ఆ వారం మానుకోవాలి. రక్తపోటుకు, అలర్జీకి వాడే కొన్ని మందులు ఒంటిని చల్లబడనీయవు. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. ముందుగా డాక్టరును అడగండి.

ఒంటరిగా ఎక్కకండి. తోటివారు వింతగా మాట్లాడితే నవ్వకండి.