గుడారం ఎక్కడ వేద్దాం?

విద్యార్థులారా! గూడుబండి గురించి మీరు వినే ఉంటారు. పైన గూడు, లోపల గడ్డి పరిచి దుప్పటి, కింద వేలాడే లాంతరు. పూర్వం మన పెద్దలు తీర్థాలకూ తిరునాళ్ళకూ అందులోనే వెళ్ళేవారు. దారిలో చెట్టు నీడన ఆగి వండుకు తినేవారు. ఎడ్లకు బదులు ఇంజను పెట్టి, లోపల పొయ్యి, పడక, నీళ్ళ తొట్టి అమర్చితే అదే కారవాన్.

అటువంటి బండి ఒకటి మనకు దొరికిందనుకుందాం. భీమునిపట్నంలో బయలుదేరి, సముద్రాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని, బాపట్ల దగ్గరి సూర్యలంక దాకా పోదాం. రైలులో ఒక్క రాత్రి ప్రయాణం. మనం వారం రోజులు తీసుకుందాం. తుపానుల కాలం గడిచిన జనవరి నెల ఇందుకు మంచిది. బండిలో నలుగురికే చోటు కాబట్టి మిగిలినవారికి గుడారం కావాలి. అందుచేత ప్రతి సాయంత్రం ఒక ప్రశ్న వస్తుంది: గుడారం ఎక్కడ వేద్దాం?

మొదటి మజిలీ: భీమిలి

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఇది. ఇసుక మెత్తగా ఉంది గదా అని నీటి అంచునే గుడారం వేస్తే ఏమవుతుంది? సముద్రం రోజుకు సుమారు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. వీటినే ఆటుపోట్లు అంటాం. ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజులలో పోటు ఎక్కువగా ఉంటుంది. ఆ రోజులలో ఈ తీరాన నీటిమట్టం సుమారు ఒకటిన్నర మీటర్లు లేస్తుందనుకోండి.

ఒకటిన్నర మీటర్లేనా అనకండి. ఒక లెక్క చేద్దాం. 30 మీటర్లు నడిస్తే 1 మీటరు ఎత్తు పెరిగే ఏటవాలు ఒడ్డు ఉన్నదనుకోండి. నీరు 1.5 మీటర్లు లేస్తే, ఒడ్డు మీద 45 మీటర్లు లోపలికి వస్తుంది. అర్ధరాత్రి మన గుడారం నీళ్ళలో ఉంటుందన్నమాట!

మరి పోటు ఎంతవరకు వస్తుందో ఎలా తెలుసుకోవాలి? ఒడ్డు మీద నాచు, పుల్లలు, గవ్వలు ఒక వరుసగా పడి ఉంటాయి, చూడండి. గడచిన పోటు గీసిపోయిన గీత అది. దానికి బాగా ఎగువన, సరుగుడు తోటల దగ్గర గుడారం వేయాలి. ఇసుకలో మేకులు నిలవవు. సంచిలో ఇసుక నింపి, మోకాటి లోతున పాతిపెట్టి, దానికి తాడు కట్టాలి.

తెల్లవారి విశాఖ దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూద్దాం. ఎక్కి తొక్కకూడదు, ఇది మన జాతీయ భూవిజ్ఞాన సంపద. సుమారు 20 వేల సంవత్సరాల క్రితం, మంచుయుగంలో, నీరు ఎంతో మంచుగా గడ్డకట్టడం వల్ల సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి పోయింది. అటువంటి కాలాలలో బయటపడిన ఇసుకను గాలి ఎగరేసి ఇలా పోగు చేసింది. ఇసుక రేణువులకు ఇనుము ఆక్సైడు పూతలా పట్టడం వల్ల ఎరుపు రంగు వచ్చింది. తీరం ఎప్పుడూ ఒక్కచోటనే లేదని ఈ దిబ్బలు చెబుతున్నాయి.

రెండవ మజిలీ: ఉప్పాడ

కాకినాడకు ఉత్తరాన, జాందానీ చీరలకు పేరుపొందిన ఊరు ఉప్పాడ. ఇక్కడ నాచు గీతను నమ్ముకుంటే చాలదు. తీరమే ఏటేటా వెనక్కి జరుగుతున్నది. ఇళ్ళూ, గుడులూ సముద్రంలో కలిసిపోయాయి. కాకినాడ పోయే రోడ్డును అలలు మళ్ళీ మళ్ళీ కోసివేశాయి. అడ్డుగా కట్టిన గోడను కూడా దెబ్బతీశాయి.

ఒడ్డున ఉన్న ఇసుకను కిరాణా కొట్టు పద్దులాగా ఊహించుకోండి. నదులు తెచ్చేది జమ. అలలు తీసుకుపోయేది ఖర్చు. గోదావరి ఇసుకను అలలు ఉత్తరంగా నెట్టి, కాకినాడ ఎదుట సుమారు 16 కి.మీ. పొడవైన మేట కట్టాయి. దాని కొసనే హోప్ ఐలాండ్ అంటారు. ఆ మేట చాటున కాకినాడ రేవు క్షేమంగా ఉంది. ఉప్పాడకు ఆ చాటు లేదు. పైగా నదుల మీద ఆనకట్టలు కట్టిన తరువాత, దిగువకు వచ్చే మట్టీ ఇసుకా తగ్గాయి. జమ తగ్గి ఖర్చు తగ్గకపోతే పద్దు ఏమవుతుంది? ఇక్కడ గుడారం వద్దు. ముందుకు పోదాం.

మూడవ మజిలీ: కోరింగ

కాకినాడ దాటగానే మడ అడవులు. ఇది అభయారణ్యం, నేల బురద, గుడారానికి పనికిరాదు. చెక్క వంతెన మీద నడుస్తూ కిందికి చూడండి. బురదలోంచి పెన్సిళ్ళలాగా వేళ్ళు పైకి పొడుచుకు వచ్చి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్లు ఈ వేళ్ళతో ఊపిరి తీసుకుంటాయి. అవే వేళ్ళు పారే నీటి వేగాన్ని తగ్గించి, ఒండ్రును పట్టి నిలుపుతాయి. అలల దెబ్బను తాము కాచి, వెనక ఉన్న ఊళ్ళకు కొంత రక్షణ ఇస్తాయి.

నాలుగవ మజిలీ: దివిసీమ

యానాం దగ్గర గోదావరి పాయ దాటి, కోనసీమ, నరసాపురం, బందరు మీదుగా కృష్ణ మొగకు చేరుదాం. ఎటు చూసినా అరచేతిలా చదునైన నేల. భీమిలి లెక్కను ఇక్కడ మళ్ళీ చేయండి. కిలోమీటరు నడిచినా నేల ఒక మీటరే లేస్తే, నీరు 5 మీటర్లు పొంగినప్పుడు ఎంత దూరం వస్తుంది? 5 కిలోమీటర్లు!

ఇది ఊహ కాదు. 1977 నవంబరు 19న వచ్చిన తుపానులో ఇక్కడ సుమారు 5 మీటర్ల ఉప్పెన లేచింది. పదివేల మందికి పైగా మరణించారు. తుపాను మధ్యలో వాయుపీడనం తక్కువ. పీడనం 1 మిల్లీబారు తగ్గితే నీరు సుమారు 1 సెంటీమీటరు లేస్తుంది. దీనివల్ల వచ్చేది మీటరు లోపే. అసలు పని గాలిది. అది నీటిని తీరం వైపు తోస్తుంది. ఇక్కడ సముద్రం లోతు తక్కువ కాబట్టి, వచ్చిన నీరు కింది నుంచి వెనక్కి పోలేక గుట్టగా లేస్తుంది.

1990 మే నెలలో అంతే పెద్ద తుపాను కృష్ణ మొగ దగ్గరే తీరం దాటింది. ఆ మాటు మృతులు వెయ్యి లోపే. నేల ఎత్తు పెరగలేదు; గాలి బలం తగ్గలేదు. ముందుగా హెచ్చరిక అందింది. లక్షన్నర మందికి పైగా జనాన్ని ఎత్తైన చోట్లకు తరలించారు. ‘గుడారం ఎక్కడ వేద్దాం’ అన్న మన ప్రశ్నే ఇక్కడివారికి ‘ఇల్లు ఎక్కడ కట్టుకుందాం, కబురు వస్తే ఎటు పోదాం’ అన్న ప్రశ్న.

చివరి మజిలీ: సూర్యలంక

కృష్ణ దాటి, రేపల్లె మీదుగా బాపట్ల చేరాం. అనుమతి అడిగి గుడారం వేయండి; దీపాలు మాత్రం ఆర్పివేయండి. ఈ తీరానికి జనవరి మొదలు కొన్ని నెలలు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు, వెలుతురు ఎటు ఉంటే సముద్రం అటు ఉందనుకుని నడుస్తాయి. మన లాంతరు వాటిని ఎదురుదిక్కుకు తీసుకుపోతుంది.

మీరు ఎప్పుడైనా ఏ తీరానికి వెళ్ళినా, పెద్దలను వెంటబెట్టుకుని, పోటు అంచున ఒక పుల్ల గుచ్చి వేళ రాసుకోండి. మరునాడు అదే పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఎందుకో, చంద్రుణ్ణి దృష్టిలో పెట్టుకుని ఆలోచించండి. పుల్ల ఉన్నచోటనే ఉందా, నీరు దాన్ని దాటి వచ్చిందా? ఆ ఊరి జాలరులను కూడా అడగండి: ‘తాతా, మీ చిన్నప్పుడు సముద్రం ఎక్కడ ఉండేది?’