చెరువు పాచి విశేషాలు

పాకాల, వడ్డేపల్లి, భద్రకాళి... వరంగల్ చుట్టుపక్కల ఏ చెరువు అంచుకు వెళ్లినా ఆకుపచ్చ పోగుల పాచి కనిపిస్తుంది. ఒక పోగు తీసి వేళ్ల మధ్య రుద్ది చూడండి. జారిపోతుంటే స్పైరోగైరా కావచ్చు, దాని ఒంటి నిండా జిగురే. గరుకుగా, కొమ్మలు వేసి ఉంటే క్లాడోఫోరా కావచ్చు. దానికి జిగురు లేదు కాబట్టి, డయాటములనే సూక్ష్మజీవులు హాయిగా దాని మీదే కాపురం పెడతాయి.

స్పైరోగైరాకు ఈదే కణం ఏ దశలోనూ లేదు. మరి జత కట్టేదెలా? పక్కపక్కన చేరిన రెండు పోగుల మధ్య సన్నని గొట్టాలు ఏర్పడతాయి. మైక్రోస్కోపులో అచ్చం నిచ్చెనే! ఒక పోగులోని కణసారమంతా ఆ గొట్టాల గుండా రెండో పోగులోకి పాకిపోతుంది, మొదటిదానికి ఖాళీ గోడలే మిగులుతాయి. అలా పుట్టిన మందపాటి పెంకు బీజాలు శిఖం భూమి ఎండి నెర్రెలు విచ్చినా బతికుండి, మళ్లీ నీళ్లు రాగానే మొలుస్తాయి. ఇంతటి ఏర్పాటున్న జీవిని మురికి అని తీసిపారేయడానికి మనసొప్పదు.

నేల మీది మొక్కలకు దగ్గరి బంధువు, చూడటానికి మొక్కలాగే ఉండే కారా అనే నాచు అని చాలాకాలం అనుకున్నారు. ఇటీవలి జన్యు పరిశోధనలు మాత్రం స్పైరోగైరా వర్గాన్నే చూపుతున్నాయి. అంటే మన వరికి, చెరువు పాచికి చుట్టరికం ఉందన్నమాట.

పొద్దున అడుగున ఉన్న పాచి మధ్యాహ్నానికి పైకి తేలుతుంది. ఎండలో అది తయారుచేసిన ఆక్సిజన్ బుడగలు పోగుల్లో చిక్కుకుని పైకి లేపుతాయి. రాత్రి ఆక్సిజన్ తయారీ ఆగిపోతుంది, వాడకం ఆగదు. పాచి మరీ దట్టమైతే తెల్లవారుజామున చేపలకు ఊపిరాడదు. అంత దట్టం కావడానికి ఎక్కువగా మనం వదిలే మురుగు, పొలాల నుంచి వచ్చే ఎరువులే కారణం.

1880లలో జర్మన్ శాస్త్రవేత్త ఎంగెల్మన్ క్లాడోఫోరా పోగు మీద ప్రిజంతో రంగులుగా విడగొట్టిన కాంతి పడనిచ్చాడు. ఆక్సిజన్ కోరే బాక్టీరియా ఎరుపు, నీలం కాంతి పడినచోట గుమిగూడింది. కిరణజన్య సంయోగక్రియకు ఏ రంగులు పనికొస్తాయో అలా తేలింది.

లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో నది పాచిని కడిగి, పలచగా పరిచి, నువ్వులు చల్లి ఎండబెట్టి, నూనెలో వేయించుకు తింటారు. మురుగు కలిసే మన చెరువుల పాచితో మాత్రం ఆ ప్రయత్నం వద్దు.

ఇంకొక్క మాట. పుల్లతో ఎత్తినప్పుడు దారాల్లా వస్తే అది పోగు పాచి. పుల్లకేమీ చిక్కక, నీళ్లే రంగు కలిపినట్టు పచ్చగా ఉంటే సయనోబాక్టీరియా కావచ్చు. వాటిలో కొన్ని విషపూరితం. పశువులను ఆ నీళ్లు తాగనివ్వకండి.