తుప్పు తిన్నదా, అచ్చు తప్పిందా?

పోయిన వారం సంతనాడు ఒక పిల్లవాడు పరుగెత్తుకుంటూ మా అంగడికి వచ్చాడు. "మామా, ఇది టంకశాల తప్పంట. లక్షకు పోతుందంట!" అని గుప్పిట తెరిచాడు. లోపల పాత ఐదు రూపాయల బిళ్ళ. సింహాల మొహాలు అరిగిపోయాయి, అక్షరాలు సగం లేవు, ఒక పక్క అంచంతా గుంటలు. ఎక్కడిదిరా అంటే హొగేనకల్ అన్నాడు. కావేరమ్మకు మొక్కి జనం నీళ్ళలోకి విసిరిన చిల్లరలో దొరికిందట.

అంచెట్టిలో అంగడి పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. గల్లాపెట్టె పక్కన ఒక భూతద్దం ఉంటుంది. బియ్యం, బెల్లం అమ్మేవాడికి ఇదేం పిచ్చి అని మా ఇంటామె అంటూనే ఉంటుంది. ఏం చేసేది, వచ్చిన చిల్లరను చూడకుండా పెట్టెలో వేయలేను.

వాడి బిళ్ళను వెలుగులో వాల్చి చూపించాను. గుంటలు సూదితో పొడిచినట్టు లోపలికి దిగాయి. బొమ్మ మీద ఎన్ని ఉన్నాయో, బొమ్మ లేని చోటా అన్నే ఉన్నాయి. నీటికి సింహమని, అంకె అని తేడా లేదు కదా, దొరికిన చోటల్లా తింటుంది. పక్క వీధి ఆచారి త్రాసులో వేయిస్తే 8.3 గ్రాములు తూగింది. రాగి, నికెల్ కలిసిన ఆ కుప్రోనికెల్ ఐదు రూపాయల బిళ్ళ 9 గ్రాములు ఉండాలి. మిగతాది కావేరిలోనే ఉంది.

టంకశాలలో తప్పు పడితే గుర్తు వేరుగా ఉంటుంది. అక్కడ పని దాదాపు పూరీల పనే. పిండిని పలుచగా పరచి డబ్బా మూతతో గుండ్రంగా కోస్తాం కదా, అట్లా లోహపు రేకులోంచి బిళ్ళలు కోస్తారు. అంచును కొంచెం లేపి, రెండు అచ్చుల నడుమ, చుట్టూ ఒక కట్టు ఉంచి, ఒక్క నొక్కు నొక్కుతారు. ఆ నొక్కుకు లోహం పిండిలా పారి అచ్చులోని ప్రతి పల్లంలోకీ దూరుతుంది. తప్పు ఏదైనా ఈ పనుల నడుమే పడాలి. టంకశాల గడప దాటాక పడినదంతా దెబ్బే.

నా దగ్గరున్న 1995 నాటి స్టీలు రూపాయి మీద అంకె నుంచి అంచు దాకా వెంట్రుకంత గీత ఉంది. గోరు పెట్టి లాగితే తగులుతుంది, ఎందుకంటే అది పైకి లేచి ఉంది. అచ్చు వాడివాడి నెర్రె విచ్చింది, లోహం ఆ నెర్రెలోకి పారింది. మేకుతో గీసి ఉంటే గీత లోపలికి దిగేది, రెండు పక్కలా లోహం గట్టులా లేచేది. చేను దున్నినవాడికి ఈ తేడా వేరే చెప్పాలా? ఆ రూపాయి మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంది, అంటే హైదరాబాదుది. అక్కడి టంకశాల 1903 నుంచి సైఫాబాదులో నడిచి 1997లో చర్లపల్లికి మారింది కాబట్టి నా నెర్రె సైఫాబాదు నెర్రె. ముంబయికి వజ్రం గుర్తు, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు ఏమీ ఉండదు. గుర్తు లేదు, తప్పు పడిందని కోల్‌కతా నాణేలు పట్టుకొచ్చేవాళ్ళు నెలకొకరైనా ఉంటారు!

ఇంకొకటి ఉంది, అదంటే నాకు ప్రాణం. అంచున నెలవంకలాగా కొరికినట్టున్న రూపాయి. మూత జరిగి, ముందు కోసిన గుంటమీద పడితే పూరీకి అట్లాంటి కొరుకే పడుతుంది. ఎవరైనా ఆకురాయితో రాసి ఇట్లా చేయొచ్చు కదా అని అడగొచ్చు. చేయొచ్చు. కాని కొరుకుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడాలి. నిజమైన దానిలో అక్కడ గట్టు సరిగా లేవదు, మెత్తగా పడుకుని ఉంటుంది. అంచు లేపే యంత్రంలో ఇటు ఒత్తిడి లేకపోతే అటు కూడా ఉండదు మరి. రాసినవాడికి ఆ సంగతి తెలియదు. ఈ రూపాయి కూడా ఉండాల్సిన 4.85 గ్రాములకు తక్కువే తూగుతుంది కాబట్టి ఒక్క తూకాన్నే నమ్ముకుంటే మోసపోతాం.

మోసమంటే మా మేనల్లుడి సంగతి చెప్పాలి. ఫోన్‌లో చూసి, ఒక పక్క బొమ్మ తిరగబడి లోపలికి దిగిన నాణెమని డబ్బు పంపి తెప్పించుకున్నాడు. అట్లాంటివి నిజంగానే పుడతాయి. కొట్టిన నాణెం అచ్చుకు అంటుకుపోతే తర్వాతి బిళ్ళకు దాని బొమ్మ అద్దంలోలా దిగుతుంది. వీడికి వచ్చింది మాత్రం రెండు నాణేలు కలిపి బిగింపులో నొక్కినది. రెండో పక్క బొమ్మంతా చదునైపోయి ఉంది. పాత నాణేల కొనుగోళ్ళకు తమ పేరు వాడుకుంటున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. వాడు దాన్ని చదివాడు, చదివీ కొన్నాడు.

మా పక్క జనానికి నాణెం మీద అనుమానం ఎక్కువే. పది రూపాయల బిళ్ళ రకరకాలుగా ఉందని ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకోలేదు. 14 రకాలు వచ్చాయి, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పాల్సి వచ్చింది.

చేలల్లో అప్పుడప్పుడు టిప్పు కాలపు రాగి దుడ్డు బయటపడుతుంది. అప్పట్లో ఈ సీమ ఆయనదే. ఒక పక్క ఏనుగు ఉంటుంది, ఒక్కోసారి తొండం ఉంటే తోక ఉండదు. అది తప్పు కాదు. సుత్తితో చేత్తో కొట్టిన కాలం, బిళ్ళ కంటే అచ్చు పెద్దది. ఆకుపచ్చ చిలుము కింద బొమ్మ ఎక్కడ ఆగిందో చూస్తే తెలుస్తుంది. చిలుము తిన్న చోట గరుకు, సుత్తి అందని చోట నునుపు.

చూడనిస్తే కదా! పై వీధి అవ్వ అట్లాంటిదొకటి చింతపండుతో తళతళా తోమి తెచ్చింది. చిలుముతోపాటు ఏనుగూ సగం పోయింది, ఏది సుత్తి పనో ఏది మట్టి పనో ఇక చెప్పలేను. ఇంకా రెండున్నాయి అంటే, తోమొద్దవ్వా అన్నాను.

"తోమకుంటే అదేందో ఎట్లా తెలుస్తుందిరా?" అంది.