పనిభారము (ఎర్గోనామిక్స్)

ఒక పనిని పూర్తి చేయుటకు మనిషి తన శరీరము నుండి, మనస్సు నుండి ఎంత వెచ్చించవలసి వస్తుందో దానిని పనిభారము అంటారు. పనిముట్టును, పని చేసే చోటును, పని వేళలను మనిషికి తగినట్లు అమర్చుటను గురించి చెప్పే ఎర్గోనామిక్స్ అను శాస్త్రములో ఇది ముఖ్యమైన భావన. ఈ శాస్త్రాన్నే అమెరికాలో హ్యూమన్ ఫ్యాక్టర్స్, అనగా మానవ కారకాల శాస్త్రము అని వ్యవహరిస్తారు.

పనిభారము శారీరకము, మానసికము అని రెండు విధములు. బస్తా మోసే వాని భారము చూచేవారికి వెంటనే తెలుస్తుంది. వేళ్ళు ఆడిస్తూ మనస్సులో లెక్క పెట్టుకొనే వారి భారము ఎదురుగా కూర్చున్నవారికి కూడా తెలియదు. ఈ రెండవ దానిని కొలుచుటకు ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధములో చాలా కృషి జరిగినది. ఈ వ్యాసములో ఉదాహరణలు ఎక్కువగా గోదావరి డెల్టాలోని పనుల నుండి, అనగా వరి ఊడ్పు, ధాన్యపు బస్తాల మోత, రొయ్యల చెరువు కాపలా, నరసాపురం లేసు, ఉప్పాడ నేతల నుండి తీసుకొనబడినవి.

పేరు, చరిత్ర

గ్రీకు భాషలో ఎర్గాన్ అనగా పని, నోమోస్ అనగా నియమము. ఈ రెంటినీ కలిపి 1857లో పోలండు దేశపు శాస్త్రజ్ఞుడు యాస్త్‌షెంబోవ్‌స్కీ మొదటగా ఈ పేరును వాడాడు. అయితే విషయము అంతకంటే పాతది. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వృత్తుల వలన వచ్చే వ్యాధులను గురించి ఒక గ్రంథము ప్రచురించాడు. 1713లో వెలువడిన దాని రెండవ కూర్పులో లేఖకులకు, గుమాస్తాలకు వచ్చే బాధలకు అతడు మూడు కారణాలు చెప్పాడు: ఎడతెగక కూర్చొనుట, చేయి ఒకే విధముగా కదులుతూ ఉండుట, తప్పు రాకూడదని మనస్సును బిగబట్టుకొనుట. మూడవ కారణమును గమనించదగును. మానసిక పనిభారమును ఒక వైద్యుడు అంత ముందుగానే వ్యాధికి కారణముగా గుర్తించాడు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో అమెరికా వారి బి-17 విమానాలు క్షేమముగా నేలకు దిగిన తరువాత, పైలట్లు రెక్కల ఫ్లాపులను ముడవబోయి చక్రాలను ముడిచివేస్తూ ఉండేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అను మనస్తత్వ శాస్త్రవేత్త పరిశీలించగా రెండు మీటలు ఒకే రూపములో పక్కపక్కనే ఉన్నట్లు తేలినది. ఒక మీటకు చిన్న చక్రము ఆకారము, రెండవ దానికి ఫ్లాపు ఆకారము తగిలించుట అతడు సూచించిన పరిష్కారము. చేతికి తగలగానే ఏది ఏదో తెలిసిపోయేది. అంతవరకు "పైలటు పొరపాటు" అని వ్రాసుకొన్న దానిలో కొంత మీటల పొరపాటే అన్నమాట. 1949లో బ్రిటనులో ముర్రెల్ మొదలగువారు ఎర్గోనామిక్స్ పరిశోధనా సంఘాన్ని స్థాపించారు.

భారతదేశములో 1996లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి వ్యవసాయ పనులలో మానవ కారకాలు, భద్రతలపై అఖిల భారత సమన్వయ పథకమును ప్రారంభించినది. దీని సమన్వయ కేంద్రము భోపాలులోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ. అంతవరకు మన పనిముట్లలో చాలా భాగము పాశ్చాత్యుల శరీర కొలతలతోనో, కమ్మరి అంచనాతోనో తయారయ్యేవి. 1997లో దేబ్‌కుమార్ చక్రవర్తి అహ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థ ద్వారా భారతీయుల శరీర కొలతల గ్రంథమును, 2009లో భోపాలు సంస్థ వ్యవసాయ కార్మికుల కొలతలు, బలముల గ్రంథమును వెలువరించినవి.

శారీరక పనిభారము

డెల్టాలో జూన్ నెలలో ధవళేశ్వరం నుండి కాలువలకు నీరు వదిలిన తరువాత సార్వా ఊడ్పులు కొద్ది వారాలలో పూర్తి కావాలి. దమ్ము చేసిన చేనులో స్త్రీలు వరుసగా నిలబడి, నడుము వంచి, ఎడమ చేతిలో నారు పట్టుకొని, కుడి చేతితో రెండు మూడు మొక్కల చొప్పున గుచ్చుతూ వెనుకకు నడుస్తారు. కాళ్ళు బురదలో, వీపు ఎండలోనో వానలోనో ఉంటుంది.

ఇటువంటి పనిని గుండె వేగముతోను, పీల్చుకొనే ప్రాణవాయువుతోను మాత్రమే కొలిస్తే పొరబడే అవకాశము కలదు. వంగి ఉన్నంతసేపు నడుము కండరములు కదలకుండా బిగిసి ఉంటాయి. బిగిసిన కండరములోనికి రక్తము సరిగా పారదు, అందువలన అవి త్వరగా అలసిపోతాయి. గుండె వేగము మాత్రము పరుగెత్తినప్పటి వలె పెరగదు. స్వీడను వైద్యుడు నాకెమ్సన్ వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులలో ఒత్తిడిని నేరుగా కొలిచి, నిలబడినప్పటి కంటె ముందుకు వంగినప్పుడు అది బాగా పెరుగుతుందని చూపాడు. అందుచేత భంగిమను వేరుగా లెక్కించే పద్ధతులు ఏర్పడినవి. ఫిన్లండులోని ఒక ఉక్కు సంస్థలో 1970లలో రూపొందిన ఓవాస్ పద్ధతిలో వీపు, చేతులు, కాళ్ళు, మోసే బరువు అను నాలుగింటికి అంకెలు వేసి, ఏ భంగిమను వెంటనే మార్చాలో నిర్ణయిస్తారు.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మారుటేరులో 1925లో వరి పరిశోధనా స్థానము ఏర్పడినది. స్వర్ణ అని పేరు పొందిన ఎం.టి.యు. 7029 అక్కడ పుట్టినదే. ఆ వంగడమును గురించి వ్రాసినంతగా, దానిని నాటే మనిషి వంగడమును గురించి ఎవరూ వ్రాయలేదు.

నిలబడి చేయుటకు వీలైన పనిముట్లు రాకపోలేదు. మొలకెత్తిన విత్తనాన్ని వరుసలలో జారవిడిచే డ్రమ్ సీడరు వలన నారుమడి, ఊడ్పు రెండూ తప్పుతాయి. అయితే నీరు నిలువని తొలి దినాలలో కలుపు ఎక్కువగా వస్తుంది గనుక తప్పిన వంగుడు కొంత కలుపుతీతలో తిరిగి వస్తుంది. కోనో వీడరుతో నిలబడే కలుపు తొక్కవచ్చును కాని, నడుము మీది భారము భుజాల మీదికి మారుతుంది. దాని పిడి ఎత్తు మగవారి కొలతకు ఉన్నచో పొట్టిగా ఉన్న స్త్రీ మోచేతి కంటె పైకి చేతులు ఎత్తి నెట్టవలసి వస్తుంది. పిడి ఎత్తును మార్చుకొనే వీలు కల్పించుట పెద్ద ఖర్చు కాదు. ఇక నాటు యంత్రము సంగతి వేరు. దానితో వంగుడు పూర్తిగా పోతుంది, దానితో పాటే ఊడ్పుల కూలి కూడా పోతుంది. ఎర్గోనామిక్స్ గ్రంథాలు మొదటి దానిని లెక్కిస్తాయి, రెండవ దానిని లెక్కించవు.

బస్తాల విషయము క్లుప్తముగా చెప్పవచ్చును. గోదావరి జిల్లాలలో దిగుబడిని 75 కిలోల బస్తాలలో చెప్పుట వాడుక. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారము పురుషుడు మోయదగిన గరిష్ఠ బరువు 55 కిలోలు. అమెరికా వారి వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రములో, అన్ని పరిస్థితులూ అనుకూలముగా ఉన్నప్పుడు చేతులతో ఎత్తదగినది 23 కిలోలు మాత్రమే. ఎత్తుట, వీపున మోయుట ఒకటి కాకపోయినా తేడా ఎంతో తెలుస్తున్నది.

మానసిక పనిభారము

మనిషి దృష్టికి హద్దు ఉన్నది. ఒకేసారి మనస్సులో నిలుపుకోగల అంశాలు ఏడుకు అటూ ఇటూగా ఉంటాయని 1956లో జార్జి మిల్లర్ వ్రాసిన వ్యాసము ప్రసిద్ధము. పని కోరే దృష్టి ఈ హద్దుకు చేరువయ్యే కొలది మానసిక భారము పెరుగుతుంది.

భారము మరీ తక్కువైనా చిక్కే. నార్మన్ మాక్‌వర్త్ 1948లో ప్రచురించిన ప్రయోగములో, గడియారపు ముల్లు వంటి దానిని రెండు గంటలపాటు చూస్తూ, అది అరుదుగా వేసే రెట్టింపు గంతును గుర్తించమన్నారు. మొదటి అరగంట గడిచేసరికే గుర్తింపు తగ్గిపోయినది. రాడారు వద్ద కూర్చొనే వారి కోసము చేసిన ఈ ప్రయోగము భీమవరము వైపు రొయ్యల చెరువుల కాపలాదారునికి చక్కగా వర్తిస్తుంది. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటరు ఆగినచో వెంటనే జనరేటరు వేయాలి. రాత్రి అంతా ఏమీ జరగదు. మనిషికి నిద్ర ముంచుకొని వచ్చే సమయము, చెరువుకు గండము వచ్చే సమయము ఒకటే. అతడు కునికినాడని కోప్పడుట కంటె ఏరేటరు ఆగగానే మ్రోగే అలారము పెట్టుట ఈ శాస్త్రము చెప్పే మార్గము.

మానసిక భారమును కొలుచుటకు కంటిపాప వెడల్పు, గుండె లయలోని హెచ్చుతగ్గులు మొదలైన వాటిని గమనిస్తారు. మరొక పద్ధతిలో అసలు పనితో పాటు చిన్న ఉప పని ఇచ్చి, అది ఎక్కడ తడబడునో చూస్తారు. అత్యధికముగా వాడబడేది 1988లో శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌లాండ్ ప్రచురించిన నాసా టి.ఎల్.ఎక్స్. ప్రశ్నావళి. మానసిక అవసరము, శారీరక అవసరము, సమయపు ఒత్తిడి, పని నెరవేరిన తీరు, ప్రయాస, విసుగు అను ఆరు అంశాలకు పని చేసిన వారే అంకెలు వేస్తారు. పిదప ఆరింటిని రెండేసి చొప్పున 15 జతలుగా పోల్చి ఏది ఎక్కువ ముఖ్యమో చెబుతారు.

నరసాపురం లేసు

నరసాపురం, పాలకొల్లు ప్రాంతములో పందొమ్మిదవ శతాబ్దములో క్రైస్తవ మిషనరీల ద్వారా ప్రవేశించిన లేసు అల్లిక ఇప్పటికీ వేలాది స్త్రీల ఇంటి పని. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడ పరిశోధించి 1982లో "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అను గ్రంథము ప్రకటించింది. పూవులు మొదలగు ముక్కలు వేయుట చేతిపని, వాటిని కలుపుట అతుకుపని అని పని విభజింపబడి ఉన్నట్లు అందులో కలదు. ఆమె ముఖ్య వాదము ఇది: ఎగుమతి అయ్యే సరుకును తయారు చేస్తున్నా ఈ స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళ కాలక్షేపము చేసుకొనే గృహిణులుగా భావించారు, కూలి అంత తక్కువగా ఉండుటకు ఈ భావనే ఆధారము. అది ఆర్థిక సామాజిక గ్రంథము, ఎర్గోనామిక్స్ గ్రంథము కాదు. అయినా పనిని పనిగా ఒప్పుకొననిచో దాని భారమును కొలిచే ప్రశ్నే రాదు గనుక ఇక్కడ ప్రస్తావించవలసి వచ్చినది.

పరిశీలించినచో రామజ్జీని చెప్పిన మూడు కారణాలూ ఇందులో ఉన్నవి. నేల మీద కూర్చొని మెడ వంచుట, సూదిని ఒకే విధముగా త్రిప్పుతూ ఉండుట, గొలుసుల లెక్క తప్పకుండా చూచుకొనుట. లెక్క తప్పిన సంగతి తరువాతి చుట్టు వేసేటప్పుడు గాని బయటపడదు. అప్పుడు ఊడదీసి మళ్ళీ వేయాలి. ముక్కకు ఇంత అని కూలి కట్టే చోట ఊడదీసిన సమయానికి కూలి ఉండదు. కబుర్లు చెప్పుకొంటూ లేసు వేసే స్త్రీలను చూచి ఇది తేలిక పని అనుకొనేవారు కలరు. వారు కొంచెము ఓపికగా గమనించాలి. సాదా గొలుసు వేసేటప్పుడు మాట సాగుతుంది, మలుపు వద్ద లెక్క వచ్చేసరికి మాట ఆగిపోతుంది, లెక్క దాటిన తరువాత అదే మాట మళ్ళీ అందుకొంటారు. ప్రయోగశాలలో ఉప పని ఇచ్చి చూచేది ఇదే. ఇక్కడ ఉప పని కబుర్లు.

పైగా ఈ పని ఒక్క బిగిన సాగదు. అన్నము పొంగుతుంది, పిల్లవాడు ఏడుస్తాడు, వీధిలో ఎవరో పిలుస్తారు. లేచి వచ్చిన ప్రతిసారి ఎన్నవ గొలుసు వద్ద ఆగినదీ గుర్తు తెచ్చుకోవాలి. అంతరాయము తరువాత పనిని తిరిగి అందుకొనుటకు పట్టే కాలము ఆధునిక పరిశోధనలో ఒక ప్రత్యేక విషయము. విమానపు కాక్‌పిట్‌లకు, ఆసుపత్రులకు సంబంధించి దీనిని విస్తారముగా అధ్యయనము చేశారు.

వెలుతురు మరొక సమస్య. సూక్ష్మమైన కుట్టుపనులకు 1000 లక్సులు లేదా అంతకు మించిన వెలుతురు కావాలని ప్రమాణాలు చెబుతాయి. మామూలు ఇంటి దీపము అందులో పదవ వంతు ఇచ్చుట కూడా కష్టము. స్త్రీలు అరుగుల మీదికి, వసారాలలోనికి వచ్చి లేసు వేసుకొనుటకు కబుర్లొక్కటే కారణము కాదు. నలభై దాటిన తరువాత వచ్చే చత్వారమును కూడా లెక్కించాలి. అస్సాములో తేయాకు కోసే వారిపై జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, దగ్గరి చూపు కళ్ళద్దాలు ఇచ్చిన వారి పని, ఇవ్వని వారి కంటె సుమారు 22 శాతము అధికముగా పెరిగినది. ఆకు కోతకే అంత తేడా ఉన్నప్పుడు లేసుకు కళ్ళద్దాలు ఎంత అవసరమో ఊహించవచ్చును.

ఉప్పాడ జాందానీ

కాకినాడ దగ్గరి ఉప్పాడలో గుంట మగ్గము మీద నేసే జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. బుటా కోసము పడుగు పోగులను లెక్కించి అదనపు పేకను చేతితో చొప్పించాలి. పెద్ద పనితనము ఉన్న చీరకు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. అందుచేత లెక్క ఒకరి మనస్సులో కాక ఇద్దరి మధ్య ఉంటుంది, ఒకరి తప్పును మరొకరు పట్టుకొనే వీలు ఉంటుంది. ఒంటరిగా లేసు వేసే స్త్రీకి ఈ సదుపాయము లేదు.

తెలుగులో కొలుచుటలోని ఇబ్బందులు

నాసా ప్రశ్నావళిని తెలుగులో అడుగుట అనుకొన్నంత సులభము కాదు. పని కోరేది వేరు, మనిషి పెట్టేది వేరు అని ఆంగ్ల ప్రశ్నావళి రెండు మాటలు వాడుతుంది. తెలుగులో రెండింటికీ "శ్రమ" అనియే వస్తుంది. విసుగు, చిరాకు, నిరాశ అను మూడు మాటల అర్థమును అక్కడ ఒకే మాటలో పెట్టారు. పని నెరవేరిన తీరుకు సంబంధించిన గీత మీద బాగా చేసినచో తక్కువ అంకె, చెడినచో ఎక్కువ అంకె వేయాలి; చదువుకొన్నవారే దీనిని తలక్రిందులుగా నింపుతారు. అన్నింటికంటె పెద్ద చిక్కు, "కష్టముగా ఉన్నదా?" అని అడిగితే వచ్చే "అలవాటైపోయిందండి" అన్న జవాబు. దానికి వేయదగిన అంకె ఆ గీతల మీద లేదు. ఇటువంటి చోట అడిగిన దాని కంటె ఊడదీసిన చుట్లను, మాట ఆగిన క్షణాలను, పొద్దున్నుండి ఎన్నిసార్లు లేచి కూర్చున్నారన్న దానిని దగ్గర కూర్చొని లెక్కించుట ఎక్కువ నమ్మదగిన పద్ధతి.