మురుగుకాలువకును ఒక హద్దు

ఖమ్మంలో గ్రానైటును కోయు రంపములపై నిరంతరము నీరు పోయవలెను. రాతిపొడి కలిసిన ఆ నీటిని తేర్చక మురుగుకాలువలోనికి వదలినచో, పొడి అడుగున పేరుకొని గట్టిపడును. వాన వచ్చిననాడు మురుగు వీధికెక్కును.

1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము ప్రకారము, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేనిదే పరిశ్రమలు తమ వ్యర్థజలమును నదిలోనికే కాదు, మురుగుకాలువలోనికైనను వదలరాదు. కేంద్ర నియమములు లీటరు నీటిలో తేలియాడు ఘనపదార్థములకు నది విషయమున 100 మిల్లీగ్రాములు, మురుగుకాలువ విషయమున 600 మిల్లీగ్రాములు హద్దుగా పెట్టినవి. ఈ సడలింపు ఎందులకు? కాలువ చివర సూక్ష్మజీవులతో మురుగును శుద్ధిచేయు కేంద్రముండునని. అట్టి కేంద్రము లేనిచోట మురుగుకాలువయు నదితో సమానమే; అచ్చట 100 మిల్లీగ్రాములే హద్దు.

అమలు ఒక సీసాతో మొదలగును. అధికారి యజమానికి తెలియజేసి, అతడు కోరినచో అతని ఎదుటనే నమూనాను రెండు భాగములు చేసి, ముద్రవేసి, ఇరువురును సంతకము చేయవలెను. ఈ క్రమము తప్పినచో పరీక్షాఫలితము న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లదు.

మున్నేరు కృష్ణలో కలియును. భద్రాచలము వైపు నీరు గోదావరికి చేరును. దిగువ ఊళ్లవారు త్రాగునది ఆ నీరే. కనుక మన వీధికాలువ చివర ఏమున్నదో అడుగుట మన కర్తవ్యము.