పాత సైకిలు ఫ్రేము – కొలత, కొనుగోలు, అమ్మకము

రెండేండ్ల క్రితము మా విద్యార్థి యొకడు ఒక ఎర్రని సైకిలును నడిపించుకొంటూ మా గది వద్దకు వచ్చి, "సార్, దీనిని ఎక్కగలుగుతున్నాను గాని దిగలేకపోతున్నాను" అన్నాడు. మేము నవ్వినాము. ఆ సైకిలు సంగతి తెలిసిన పిదప నవ్వినందుకు నొచ్చుకున్నాము.

అది ట్రాకు సైకిలు. హైదరాబాదులో ఒకరి వద్ద 6,000 రూపాయలకు కొన్నాడు. వేసవి సెలవులలో మిర్యాలగూడ రైసు మిల్లులో బస్తాలు కుట్టి కూడబెట్టిన సొమ్ము అది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో 2002 జాతీయ క్రీడల కొరకు నిర్మించిన వెలోడ్రోమును ఒకమారు చూచి వచ్చినాడు. నాటి నుండి అక్కడ తొక్కవలెనన్న కోరిక అతనిని వదలలేదు.

ఈ సైకిలు మన రోడ్డు సైకిలు వంటిది కాదు. దీనికి బ్రేకులుండవు, ఫ్రీవీలు ఉండదు. వెనుక చక్రము తిరుగుచున్నంత సేపు పెడళ్ళు తిరుగుచునే యుండును. మనము సైకిలు దిగే పద్ధతి ఏమిటి? ఎడమ పెడలు మీద కాలు మోపి, కుడి కాలు వెనుక నుండి త్రిప్పి, సైకిలు నడుచుచుండగనే దిగుదుము. పెడలు నిశ్చలముగా నిలిచినప్పుడే ఇది సాధ్యము. ట్రాకు సైకిలు పెడలు నిలువదు, మోపిన కాలును తనతో కూడ పైకి లేపును. కనుక వేగము పూర్తిగా తగ్గించి, రెండు కాళ్ళు నేల మీద ఆనించి, అడ్డగొట్టమునకు ఇరువైపుల నిలువగలగవలెను. మావాని కాళ్ళు నేలకు అందలేదు. బ్రేకులు లేని ఇట్టి వాహనమును లారీలు తిరిగే సాగర్ రోడ్డు మీద తొక్కరాదని ఆనాడే గట్టిగా చెప్పినాము. దాని స్థానము వెలోడ్రోమే.

అతడు పొరపడినది ఎక్కడ? అమ్మినవారు, "ఇది 56 సెంటీమీటర్ల ఫ్రేము, అనగా మీ ఊరి 22 అంగుళముల సైకిలే" అన్నారట. లెక్కకు అది నిజమే. 22 అంగుళములు దాదాపు 56 సెంటీమీటర్లే. మిల్లు కార్మికుల నల్లని సైకిళ్ళలో 22 అంగుళములవి, 24 అంగుళములవి నేటికిని కనిపించును. కాని ఆ సంఖ్య సీటు గొట్టము పొడవును మాత్రమే తెలుపును, మనిషి సైకిలు మీద ఎట్లు కూర్చుండునో తెలుపదు. మన నల్ల సైకిలులో సీటు గొట్టము బాగుగా వెనుకకు వాలియుండును. హేండిలు పిడులు వంపు తిరిగి మన వైపునకు వచ్చును. మనిషి నిటారుగా కూర్చుండును. ట్రాకు సైకిలులో ఆ గొట్టము నిట్టనిలువుగా, 74 డిగ్రీల ప్రాంతమున ఉండును. హేండిలు ముందుకును క్రిందకును పోవును. మలుపులలోని వాలు మీద పెడలు నేలకు తగులకుండుటకై పెడళ్ళ ఇరుసు కూడ కొంత ఎత్తుగా అమర్చుదురు. ఒలింపిక్ పోటీల ట్రాకు చుట్టు 250 మీటర్లు, మలుపులలో వాలు 40 డిగ్రీలకు మించి యుండును. ఆ పనికై పుట్టిన ఫ్రేమును బజారు సైకిలు కొలతతో కొనుట, చొక్కా కొలత చెప్పి షేర్వాణీ కుట్టించుకొన్నట్లే.

ఆ సాయంకాలమే వరండాలో అతనిని కొలిచినాము. పద్ధతి సులభము. చెప్పులు విడిచి, గోడకు వీపు ఆనించి నిలువవలెను. ఒక గట్టి అట్ట పుస్తకమును కాళ్ళ నడుమ, సీటు ఒత్తినట్లుగా పైకి ఒత్తి పట్టుకొనవలెను. పుస్తకపు పై అంచు నుండి నేలకు గల దూరమే కాలి కొలత. మావానికి 74 సెంటీమీటర్లు వచ్చినది. దీనిని 0.67 తో హెచ్చించిన ఫ్రేము కొలత సుమారుగా వచ్చును: 49.6. అనగా 50 సెంటీమీటర్ల ఫ్రేము తగినవానికి 56 అంటగట్టినారన్నమాట. అదే కాలి కొలతను 0.883 తో హెచ్చించినచో పెడళ్ళ ఇరుసు మధ్య నుండి సీటు పై భాగమునకు ఉండవలసిన ఎత్తు: 65.3. ఇవి శాసనములు కావు, వెదకుటకు ఆరంభస్థానములు. శరీరములు ఒకే పోత పోసినవి కావు గదా.

"సీటు దించితే చాలదా సార్?" అని అడిగినాడు. అమ్మేవారందరి మాట ఇదే. సీటును దించవచ్చును, ఎత్తవచ్చును. కాని సీటు గొట్టము నుండి హేండిలు గొట్టము వరకు సాగే పై గొట్టము పొడవును ఎవరు మార్చగలరు? హేండిలును పట్టియుంచే స్టెమ్మును ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టిది వేయవచ్చును. అంతకు మించినచో సైకిలు నడత చెడును. ఫ్రేము పొడవైనచో చేతులు బిగుసుకొనును, మెడ నొచ్చును, వేళ్ళు తిమ్మిరెక్కును. మా మటుకు మేము విశ్వవిద్యాలయములో చదువుకొనే రోజులలో చౌక అని 24 అంగుళముల పాత సైకిలు కొని, సీటు మీద అటునిటు ఊగుచు ఒక ఏడాది తొక్కినాము. నడుము నొప్పి మాకు, ఆదాయము అమ్మినవారికి. చిన్ననాడు బారు క్రింద కాలు దూర్చి కైంచీ తొక్కిన వారమే గనుక, పెద్ద సైకిలే గౌరవమను భ్రమ మాలో మిగిలియుండెను.

ఇక ఫ్రేము ఆరోగ్యము. కొత్త రంగు వేసిన పాత ఫ్రేమును చూచినప్పుడు సంతోషింపక అనుమానింపవలెను. మొట్టమొదట చూడవలసినది హేండిలు గొట్టమునకు వెనుక, పై గొట్టము, క్రింది గొట్టముల అడుగు భాగము. ముందు చక్రము దేనికో గుద్దుకొన్నచో అక్కడ చిన్న ముడుత పడును. కంటికి కనబడదు, వ్రేలితో తడిమిన తెలియును. తరువాత దారము పరీక్ష: వెనుక చక్రము అమరే ఒక గాడి నుండి దారమును హేండిలు గొట్టము చుట్టు త్రిప్పి రెండవ గాడికి కట్టి, సీటు గొట్టమునకు ఇరుప్రక్కల దారము ఎంత దూరములో ఉన్నదో కొలువవలెను. రెండును సమానముగా ఉండవలెను. రెండు మూడు మిల్లీమీటర్లు మించి తేడా వచ్చినచో ఫ్రేము వంగినదే. సీటు కడ్డీని పైకి లాగి చూడవలెను. త్రుప్పుతో బిగిసిపోయినచో ఎత్తు మార్చుట అసాధ్యము. వెనుక గాడుల మధ్య వెడల్పు ట్రాకు ఫ్రేములలో సాధారణముగా 120 మిల్లీమీటర్లు. దానికి సరిపోని చక్రము కొని బలవంతముగా దూర్చువారు గలరు. అయస్కాంతము అంటుకొన్నచో ఉక్కు అని తెలియును. ఉక్కు కొంత వంగినను మంచి మిస్త్రీ సరిచేయగలడు. అల్యూమినియము పగిలినచో ఆశ విడువవలసినదే.

మావాని ఫ్రేము ఉక్కుదే. క్రింది గొట్టము అడుగున మా వ్రేలికి ముడుత తగిలినది. అతని ముఖము చూడలేకపోయినాము.

చట్టము ఏమన్నది? 1930 నాటి వస్తు విక్రయ చట్టములోని 16వ సెక్షను ప్రకారము సాధారణముగా చూచుకొనవలసిన బాధ్యత కొనువానిదే. అయితే తెలిసిన లోపమును పనిగట్టుకొని కప్పిపుచ్చుట 1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షను క్రింద మోసమగును. లోపమును చెప్పకుండుట వేరు, దాని మీద రంగు పూయుట వేరు. దొంగ సొత్తు మాట మరింత గంభీరమైనది. దొంగిలించినదని తెలిసియో, అట్లు నమ్ముటకు కారణముండియో కొన్నచో 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను వర్తించును. కనుక ఫ్రేము మీది నెంబరును, సాధారణముగా పెడళ్ళ ఇరుసు గూటి అడుగున ఉండును, చూచి, తేదీతోను సంతకముతోను చీటీ వ్రాయించుకొనవలెను. నెంబరును ఆకురాయితో అరగదీసి యుంటే బేరము అక్కడికక్కడే విడువవలెను. మావాడు చీటీ తీసికొనలేదు. ఫోను నెంబరు కూడ తరువాత పలుకలేదు.

అప్పుడు వచ్చినది అసలు చిక్కు. హుజూర్‌నగరు నుండి వచ్చి చదివే మరొక విద్యార్థి పొడగరి, కాలి కొలత 84 సెంటీమీటర్లు. లెక్క కట్టిన 56.3. ఫ్రేము అతనికి అచ్చముగా సరిపోవును. అతడు 5,000 ఇచ్చుటకు సిద్ధపడినాడు. మావాడు మా వద్దకు వచ్చి, "ముడుత సంగతి నాకు ఎవరు చెప్పినారు సార్?" అన్నాడు. కోపముతో కాదు, నిజముగానే అడిగినాడు. అతని తల్లికి ఈ ఖర్చు సంగతి ఇంకను తెలియదు. మేము ఉపన్యాసమేమియు ఇవ్వలేదు. ఆ పొడగరి వెలోడ్రోము వాలు మీద గంటకు నలుబది కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు ఆ గొట్టము విరిగినచో ఆపుటకు బ్రేకు కూడ లేదని మాత్రము గుర్తుచేసినాము.

రెండు రోజులు కనబడలేదు. మూడవనాడు కొనువానిని తానే వెంటబెట్టుకొని వచ్చి, అతని వ్రేలు పట్టి ముడుత మీద పెట్టినాడు. బేరము మారినది. చక్రములు, హేండిలు, చైను కలిపి 2,800 రూపాయలకు పోయినవి. ఫ్రేము మిగిలినది. నేడు అది వ్యాయామ విద్య గదిలో మేకునకు వ్రేలాడుచున్నది, దారము ఇంకను దానికి కట్టియే యున్నది. పాత సైకిలు కొనబోయే విద్యార్థులు ముందుగా అక్కడికి పోయి, కన్నులు మూసికొని ఆ ముడుతను వెదకుచుందురు. మావాడు ఇప్పుడు 50 సెంటీమీటర్ల ఫ్రేము కొరకు చూచుచున్నాడు. ఎవరి వద్దనైన ఉన్నచో మాకు తెలియజేయగలరు; దారముతో సహా వచ్చెదము.