పసిబిడ్డకు బువ్వతో పాటు మాట, ఆట

బిడ్డకు కడుపు నిండా పెడితే చాలు, తెలివి దానంతట అదే వస్తుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. పెట్టడం ముఖ్యమే. మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. ఆ తరువాత తల్లిపాలతో పాటు మెత్తని అన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పెట్టాలి. అయితే అది సగం పని మాత్రమే. మొదటి 3 ఏళ్లలో మెదడు చాలా వేగంగా పెరుగుతుంది. అందుకు ఆహారంతో పాటు పెద్దల పలకరింపు కూడా కావాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు నల్లగొండ జిల్లాలో 60 గ్రామాలలో, 600 మంది తల్లీబిడ్డలతో ఒక అధ్యయనం చేశారు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మూడో వంతు గ్రామాల్లో మామూలు అంగన్‌వాడీ సేవలే అందాయి. మరో మూడో వంతు గ్రామాల్లో, వాటికి తోడు, శిక్షణ పొందిన గ్రామ మహిళలు ఇంటింటికీ వెళ్లి ఆహారం గురించి చెప్పారు. మిగిలిన గ్రామాల్లో ఆహారంతో పాటు, బిడ్డ సైగలు గమనిస్తూ తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు. బిడ్డలకు 15 నెలలు వచ్చాక పరీక్షించారు. ఆహారం గురించి మాత్రమే నేర్చుకున్న తల్లుల బిడ్డలు పొడవు బాగా పెరిగారు. ఆట కూడా నేర్చుకున్న తల్లుల బిడ్డలు మానసిక వికాసంలో ముందున్నారు.

మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో తల్లి బీడీలు చుట్టాలి, పత్తి చేనుకు పోవాలి. ఎన్నో ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. తీరిక ఎక్కడిది అంటారా? చేసే పనిలోనే ఇవి చేయవచ్చు:

1. తినిపించేటప్పుడు బిడ్డ కళ్లలోకి చూసి మాట్లాడండి. బిడ్డ "ఊ" అంటే మీరూ బదులు పలకండి. నోరు తిప్పుకుంటే బలవంతపెట్టకండి.

2. వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ ప్రతి వస్తువు పేరు చెప్పండి. బీడీల చాటకు, పొగాకు దుమ్ముకు బిడ్డను దూరంగా ఉంచండి.

3. స్టీలు గ్లాసు, గిన్నె, గుడ్డ బంతి మంచి ఆట వస్తువులు. చింతగింజలు, గోళీలు, నాణేలు గొంతులో ఇరుక్కుంటాయి, ఇవ్వవద్దు.

4. ఇంట్లో గోండి, కొలామి, లంబాడీ, ఉర్దూ ఏ భాష ఉంటే ఆ భాషలోనే మాట్లాడండి. తెలుగు తరువాత నేర్చుకుంటారు.

5. అన్నం తినాలని సెల్‌ఫోన్ చేతికివ్వకండి. 2 ఏళ్లలోపు పిల్లలకు టీవీ, ఫోన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. దూరాన ఉన్న తండ్రితో వీడియోలో మాట్లాడించడం వేరు. అది మంచిదే.

నాయనమ్మ, తాతయ్య, ఇరుగుపొరుగు అందరూ ఇందులో పాలుపంచుకోవాలి. 3 ఏళ్లు నిండగానే బిడ్డను రోజూ అంగన్‌వాడీకి పంపండి.

5 నెలలకు మెడ నిలపకపోయినా, 9 నెలలకు ఆనుకోకుండా కూర్చోలేకపోయినా, 18 నెలలకు నడవకపోయినా, 2 ఏళ్లకు రెండు మాటలు కలిపి అనకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా "మా ఇంట్లో అందరికీ ఆలస్యమే" అని ఊరుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. అంగన్‌వాడీకి వచ్చే ప్రభుత్వ వైద్య బృందానికి కూడా చూపించవచ్చు. ఎంత త్వరగా గుర్తిస్తే బిడ్డకు అంత మేలు.